పక్క కోర్‌తో కెర్నల్ మాట్లాడాలంటే: రిమోట్‌ప్రాక్, ఆర్‌పీమెసేజ్ డ్రైవర్ పని మొదటి నుంచి చివరి దాకా

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. లోపల వేల టిక్కీలు, వాటిని చల్లగా ఉంచే అమ్మోనియా కంప్రెసర్లు. కంప్రెసర్ మోటారు స్టార్ట్ అయ్యే నాలుగైదు సెకన్లలో మూడు ఫేజుల కరెంటు ఎలా ఎగిసి ఎలా దిగుతోందో రికార్డు చేసే డబ్బా ఒకటి కావాలన్నారు. స్టార్టర్ కాంటాక్టులు అరుగుతున్నాయా, ఒక ఫేజు బలహీనపడిందా అన్నది ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. విజయవాడ పటమటలో ఉన్న నా చిన్న వర్క్‌షాపులో లినక్స్ బోర్డు మీద మామూలు ప్రోగ్రాం ఒకటి రాసి, పట్టుకెళ్లి బిగించాను.

వారం తిరక్కుండానే అక్కడి మేనేజరుగారు ఫోన్ చేశారు. "అబ్బాయ్, నీ డబ్బా మోటారు తిరగడం మొదలెట్టాక మేలుకుంటోంది!" ఆయన చెప్పింది నిజమే. లినక్స్ డేటాబేస్ రాసుకుంటూనో, మోడెంతో కుస్తీ పడుతూనో ఉన్న క్షణంలో మోటారు స్టార్ట్ అయితే శాంపిళ్లు జారిపోతున్నాయి.

దాంతో ఎస్‌టీఎం32ఎంపీ157 చిప్ ఉన్న బోర్డుకు మారాను. అందులో లినక్స్ నడిచే కార్టెక్స్-ఏ7 కోర్‌లు రెండు, వాటి పక్కనే 209 మెగాహెర్ట్జ్‌తో నడిచే కార్టెక్స్-ఎం4 ఒకటి. కొలిచే పని ఎం4ది, దాచే పని, పంపే పని లినక్స్‌ది. ఈ రెండూ మాట్లాడుకోవడానికి కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే అసలు భాగం) వైపు ఏం చేయాలో ఈ వ్యాసంలో చెబుతాను. చిప్ మారితే అడ్రస్‌లు మారతాయి, పద్ధతి మారదు.

ఒక మాట. ఫంక్షన్ల పేర్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో ఆ పదాల మధ్య అండర్‌స్కోర్‌లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. మెమరీ అడ్రస్‌లన్నీ హెక్సాడెసిమల్‌లో ఉన్నాయి.

ఎవరి పని ఏమిటి

అపార్ట్‌మెంటులో పాలవాడు గుమ్మానికి వేలాడే సంచిలో ప్యాకెట్ వేసి, బెల్ కొట్టి వెళ్లిపోతాడు. బెల్‌లోంచి పాలు రావు. పాలు సంచిలో ఉన్నాయని మాత్రమే బెల్ చెబుతుంది. ఇక్కడా అంతే. రెండు కోర్‌లకూ కనిపించే మెమరీలో ఉండే బఫర్‌లు, వాటి వరుసను చెప్పే విరింగ్‌లు అనే రింగ్‌లే సంచి. చిప్‌లోని మెయిల్‌బాక్స్ హార్డ్‌వేరే బెల్, అది అవతలి కోర్‌కు ఇంటరప్ట్ ఇస్తుంది. ఎస్‌టీఎం32లో దాన్ని ఐపీసీసీ అంటారు.

కెర్నల్‌లో దీనికి మూడు భాగాలున్నాయి. ఫర్మ్‌వేర్‌ను (పక్క కోర్‌లో నడిచే ప్రోగ్రాంను) మెమరీలోకి ఎక్కించి, కోర్‌ను లేపడం, ఆపడం రిమోట్‌ప్రాక్ పని. బెల్ కొట్టేది మెయిల్‌బాక్స్ ఫ్రేమ్‌వర్క్. సంచిలో వేసే ప్యాకెట్‌కు చిరునామా రాసి, సరైన డ్రైవర్‌కు అందించేది ఆర్‌పీమెసేజ్. రిమోట్‌ప్రాక్, ఆర్‌పీమెసేజ్ రెండూ 2012లో లినక్స్ 3.4తో మెయిన్‌లైన్‌లోకి (అసలు లినక్స్ కెర్నల్‌లోకి) వచ్చాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఓమాప్ చిప్‌ల కోసం మొదలైన పని అది. రింగ్‌ల కోసం కొత్తది కనిపెట్టకుండా వర్చువల్ మెషీన్‌ల కోసం అప్పటికే ఉన్న వర్టయోనే వాడుకున్నారు. నాకు ఈ పనిలో బాగా నచ్చిన నిర్ణయం అదే. ఎందుకంటే సొంతంగా షేర్డ్ మెమరీ ప్రోటోకాల్ రాసుకుని చేతులు కాల్చుకున్న ప్రాజెక్టులు నేను కొన్ని చూశాను. రెండు కోర్‌లు, మధ్యలో క్యాష్, రాతల క్రమం తారుమారవడం... ఇవి టెస్ట్ బెంచీ మీద ఒక్కసారి కూడా బయటపడవు, మే నెల ఎండలో సైట్‌లో బయటపడతాయి.

అసలు డ్రైవర్ కావాలా?

చాలామందికి అక్కర్లేదు. ఎం4 ఫర్మ్‌వేర్ "ఆర్‌పీమెసేజ్-టీటీవై" అనే పేరుతో చానెల్ (రెండు వైపుల మధ్య పేరున్న మాటల దారి) ప్రకటిస్తే, లినక్స్ 5.16 నుంచి కెర్నల్లోనే ఉన్న డ్రైవర్ దాన్ని మామూలు సీరియల్ పోర్టులా చూపిస్తుంది. క్యాట్ కమాండ్‌తో చదువుకోవచ్చు, ఎకోతో రాయొచ్చు. బైనరీ డేటా అయితే ఆర్‌పీమెసేజ్-క్యార్ ఉంది, అది డెవ్ ఫోల్డర్‌లో క్యారెక్టర్ డివైస్ ఇస్తుంది. సెకనుకో లైను చదవడానికి ఒకే ఒక ప్రోగ్రాం ఉంటే ఇవి చాలు. నేను కూడా మొదటి రెండు వారాలు టీటీవైతోనే నడిపించాను.

కొలతలు హెచ్‌డబ్ల్యూమాన్, ఐఐఓ లాంటి, సెన్సార్ల కోసం ఉన్న కెర్నల్ సబ్‌సిస్టంల ద్వారా కనిపించాలన్నా, ఒకే డేటాను నాలుగైదు ప్రోగ్రాంలు చదవాలన్నా, ఎం4 క్రాష్ అయి లేచినప్పుడు పైవాళ్లకు తెలియకుండా సర్దుకోవాలన్నా సొంత డ్రైవర్ రాయాలి. మా డబ్బాలో మూడూ కావలసి వచ్చాయి.

అడుగు 1: కాగితం మీద మెమరీ మ్యాప్

ఎడిటర్ తెరవకండి. కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి: ప్రాంతం పేరు, లినక్స్‌కు కనిపించే అడ్రస్, ఎం4కు కనిపించే అడ్రస్, సైజు. ఈ చిప్‌కు ఆ కాగితం ఇలా ఉంటుంది.

ఎం4 కోడ్, డేటా కోసం ఎస్‌రామ్‌లో 10000000 నుంచి 256 కేబీ. ఆ తర్వాత 10040000 దగ్గర మొదటి విరింగ్‌కు 4 కేబీ, 10041000 దగ్గర రెండో విరింగ్‌కు మరో 4 కేబీ, 10042000 నుంచి బఫర్‌లకు 16 కేబీ. వీటికి రెండు వైపులా ఒకే అడ్రస్. రిటెన్షన్ రామ్ అనే 64 కేబీ ముక్క మాత్రం వేరు. ఎం4కు అది సున్నా దగ్గర కనిపిస్తుంది, ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్ ఉండేది అక్కడే. లినక్స్ కళ్లకు అదే ముక్క 38000000 దగ్గర ఉంటుంది.

ఒకే మెమరీకి రెండు పేర్లు ఉండటం కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. బిల్డ్ చేస్తే వచ్చే ఫర్మ్‌వేర్ ఈఎల్ఎఫ్ ఫైల్‌లో ఉండేవి ఎం4 వైపు అడ్రస్‌లు, కెర్నల్ భాషలో డివైస్ అడ్రస్‌లు. "సున్నా దగ్గర ఈ కోడ్ పెట్టు" అని అందులో ఉంటే, కెర్నల్ దాన్ని 38000000కు మార్చి రాయాలి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే ఫైల్‌లో) డీఎంఏ-రేంజెస్ లైన్లు ఉన్నది ఈ మార్పిడి కోసమే. బీగల్‌బోన్ బ్లాక్‌లోని పీఆర్‌యూ కోర్‌లదీ ఇదే కథ. వాటి డేటా రామ్ వాటికి సున్నా దగ్గర ఉంటే, ఏఆర్ఎం వైపు 4 ఏ తో మొదలయ్యే ఎక్కడో దూరపు అడ్రస్‌లో ఉంటుంది.

విరింగ్‌లు, బఫర్‌లు ఇలా చిప్ లోపలి ఎస్‌రామ్‌లో కాకుండా చిప్ బయటి మామూలు డీడీఆర్ మెమరీలో ఉండే చిప్‌లు చాలా ఉన్నాయి. అక్కడ రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లో నో-మ్యాప్ పెట్టడం మర్చిపోతే, కెర్నల్ ఆ ప్రాంతాన్ని తన సొంత మెమరీగానే చూస్తుంది, క్యాష్‌తో సహా మ్యాప్ చేసుకుంటుంది. అప్పుడు ఎం4 రాసింది లినక్స్‌కు ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు.

అడుగు 2: కెర్నల్ కాన్ఫిగ్, డివైస్ ట్రీ

కాన్ఫిగ్‌లో రిమోట్‌ప్రాక్, ఎస్‌టీఎం32 ఆర్‌ప్రాక్, మెయిల్‌బాక్స్, ఎస్‌టీఎం32 ఐపీసీసీ, ఆర్‌పీమెసేజ్ వర్టయో ఆన్ చేయండి. శాంపిల్స్ విభాగంలో ఉన్న ఆర్‌పీమెసేజ్ క్లయింట్ శాంపిల్‌ను కూడా మాడ్యూల్‌గా పెట్టుకోండి, అది అడుగు 4లో పనికొస్తుంది.

డివైస్ ట్రీలో కాగితం మీది గళ్లను రిజర్వ్‌డ్-మెమరీ కింద రాసి, వాటిని ఎం4 నోడ్‌లోని మెమరీ-రీజియన్‌కు కలపండి. విరింగ్‌ల ప్రాంతాలకు వీడెవ్0విరింగ్0, వీడెవ్0విరింగ్1 అనీ, బఫర్‌ల ప్రాంతానికి వీడెవ్0బఫర్ అనీ పేర్లు ఉండాలి. డ్రైవర్ ఈ పేర్లతోనే వెతుక్కుంటుంది. ఒక అక్షరం తప్పినా ఎర్రర్ రాకుండా వేరే చోట మెమరీ కేటాయించే అవకాశం ఉంది, కాబట్టి మక్కీకి మక్కీ చూసుకోండి.

ఎం4 వాడే పెరిఫరల్స్‌ను లినక్స్ వైపు డిసేబుల్ చేయడం దీనికన్నా ముఖ్యం. మా విషయంలో ఏడీసీ, అంటే కరెంటు సిగ్నల్‌ను అంకెగా మార్చే భాగం. దాన్ని ఇద్దరూ పట్టుకుంటే ఇద్దరికీ దక్కదు.

ఇక్కడే క్లాక్‌ల గొడవ ఒకటి ఉంది. బూట్ చివర్లో కెర్నల్ తనకు తెలిసి ఎవరూ వాడని క్లాక్‌లన్నిటినీ ఆపేస్తుంది. ఎం4 వాడుతోందన్న సంగతి దానికి తెలియదు. బూట్‌లోడర్ నుంచే లేచిన ఎం4 బాగానే నడుస్తూ, లినక్స్ పూర్తిగా లేచిన క్షణంలో ఏడీసీ ఒకే విలువ చూపిస్తూ ఉండిపోయిందంటే అనుమానించాల్సింది దీన్నే. కెర్నల్ కమాండ్ లైన్‌లో క్లాక్-ఇగ్నోర్-అన్‌యూజ్డ్ పెట్టి చూడండి. సమస్య పోతే కారణం దొరికినట్టే. అయితే దాన్ని అలాగే ప్రొడక్షన్‌లో వదిలేయకండి, ఆ క్లాక్‌ను లినక్స్ వైపే ఎవరో ఒకరు పట్టుకుని ఉండేలా డివైస్ ట్రీలో రాయండి.

అడుగు 3: రిసోర్స్ టేబుల్

"నాకు ఇవి కావాలి" అని ఫర్మ్‌వేర్ కెర్నల్‌కు ఇచ్చే చీటీ ఇది. ఈఎల్ఎఫ్‌లో "రిసోర్స్ టేబుల్" అనే సెక్షన్‌లో ఉంటుంది. మొదట్లో వెర్షన్ 1, ఎంట్రీల సంఖ్య, సున్నాలుగా వదిలేయాల్సిన రెండు గళ్లు, తర్వాత ఒక్కో ఎంట్రీ ఎక్కడుందో చెప్పే ఆఫ్‌సెట్‌లు. ఎంట్రీల్లో నాలుగు రకాలు: కార్వవుట్ (విడిగా కేటాయించే మెమరీ) 0, డెవ్‌మెమ్ (డివైస్ అడ్రస్‌ల మ్యాపింగ్) 1, ట్రేస్ (లాగ్) 2, వీడెవ్ (వర్టయో డివైస్) 3.

మనకు తప్పనిసరిగా కావాల్సింది వీడెవ్. అందులో వర్టయో ఐడీ 7 అని ఉండాలి, ఆర్‌పీమెసేజ్‌కు కేటాయించిన సంఖ్య అది. ఫీచర్ బిట్లలో సున్నా బిట్ ఆన్ చేయాలి, "చానెల్ పేర్లు నేనే ప్రకటిస్తాను" అని దానర్థం. కింద రెండు విరింగ్‌లు, రానుపోను చెరొకటి. విరింగ్ అడ్రస్‌గా మైనస్ ఒకటి ఇస్తే "నువ్వే చూసి పెట్టు" అని కెర్నల్‌కు వదిలేసినట్టు. కెర్నల్ ఆ గళ్లలో అసలు అడ్రస్ నింపి, కోర్‌ను లేపుతుంది.

ట్రేస్ ఎంట్రీ తప్పనిసరి కాదు గానీ పెట్టుకోండి, మీకు మీరే మేలు చేసుకున్నవాళ్లవుతారు. ఎం4 తన లాగ్‌ను మెమరీలో రాసుకుంటుంది, లినక్స్‌లో డీబగ్‌ఎఫ్‌ఎస్ కింద ట్రేస్0 అనే ఫైల్‌లో మీరు చదువుకుంటారు. ఇంకో సీరియల్ కేబుల్ బాధ ఉండదు.

లెక్క ఒకటి వేద్దాం. ఒక్కో ఆర్‌పీమెసేజ్ బఫర్ 512 బైట్లు. అందులో 16 బైట్లు హెడర్‌కు పోతే మీ సరుకుకు మిగిలేది 496. మన 16 కేబీలో 32 బఫర్‌లు పడతాయి, అంటే ఒక్కో దిశకు 16. కాబట్టి ఒక్కో విరింగ్ సైజు 16 అని రాయాలి. మూడు ఫేజులు, సెకనుకు 3200 శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు అనుకుంటే సెకనుకు 19,200 బైట్లు. అంటే సుమారు 39 మెసేజ్‌లు. లినక్స్ వైపు కేవలం 0.4 సెకన్లు ఎవరూ చదవకపోతే 16 బఫర్‌లూ నిండిపోతాయి!

అందుకే ముడి శాంపిళ్లు ఎప్పటికప్పుడు పంపే ఆలోచన మానేశాను. 5 సెకన్ల స్టార్ట్ రికార్డు 96,000 బైట్లు, ఎం4కున్న 256 కేబీలో హాయిగా పడుతుంది. మోటారు స్టార్ట్ అయినప్పుడు ఎం4 మొత్తం తన దగ్గరే దాచుకుంటుంది, తర్వాత తీరిగ్గా 190 పైచిలుకు మెసేజ్‌లుగా పంపుతుంది. మిగతా వేళల్లో సెకనుకు ఒక్క సారాంశం చాలు. డిజైన్ ఇలా మారాక లినక్స్ ఎంత బిజీగా ఉన్నా బెంగ లేదు.

అడుగు 4: మొదటిసారి లేపడం

ఫర్మ్‌వేర్ ఫైల్‌ను లిబ్ కింద ఉన్న ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పెట్టండి. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) క్లాస్ కింద రిమోట్‌ప్రాక్ ఫోల్డర్, అందులో రిమోట్‌ప్రాక్0 ఉంటుంది. అక్కడి "ఫర్మ్‌వేర్" అనే ఫైల్‌లో మీ ఫర్మ్‌వేర్ పేరు రాయండి, తర్వాత "స్టేట్" ఫైల్‌లో స్టార్ట్ అని రాయండి. ఆపాలంటే స్టాప్. కోర్ నడుస్తుండగా ఫర్మ్‌వేర్ పేరు మార్చబోతే బిజీ అని ఎర్రర్ వస్తుంది, ముందు ఆపాలి.

ఇప్పుడు డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి. మూడు సంగతులు కనిపించాలి: రిమోట్ ప్రాసెసర్ లేచిందని ఒక లైను, ఆర్‌పీమెసేజ్ హోస్ట్ ఆన్‌లైన్ అని ఒకటి, ఫలానా చానెల్ క్రియేట్ అవుతోందని ఇంకొకటి. ఏది రాలేదో దాన్నిబట్టి రోగం తెలుస్తుంది.

లేచింది గానీ హోస్ట్ ఆన్‌లైన్ రాలేదంటే రిసోర్స్ టేబుల్ కెర్నల్‌కు దొరకలేదన్నమాట. ఆ టేబుల్‌ను ఫర్మ్‌వేర్ కోడ్‌లో ఎవరూ పిలవరు కాబట్టి, వాడనివి ఏరిపారేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే లింకర్ దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. లింకర్ స్క్రిప్టులో ఆ సెక్షన్‌కు కీప్ పెట్టండి. హోస్ట్ ఆన్‌లైన్ వచ్చి చానెల్ రాలేదంటే, ఎం4 పేరు ప్రకటించలేదో, బెల్ మోగలేదో. ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైల్‌లో మెయిల్‌బాక్స్ వరుసలో అంకె పెరుగుతోందేమో చూడండి. అంకె పెరుగుతుంటే తప్పు ఎం4 పంపే ప్రకటనలో, పెరగకపోతే మెయిల్‌బాక్స్ సెట్టింగుల్లో వెతకండి.

శాంపిల్ మాడ్యూల్‌కు సరిపోయే పేరుతో ఎం4 చానెల్ ప్రకటిస్తే, లినక్స్ నుంచి హలో వరల్డ్ పోయి, తిరిగి వచ్చి, ఇలా వంద సార్లు నడుస్తుంది. ఈ వంద పూర్తయ్యే దాకా సొంత డ్రైవర్ మొదలుపెట్టకండి. కింద నేల గట్టిగా ఉందని ముందు తేలాలి.

అడుగు 5: మెసేజ్ ఆకారం

రెండు వైపులా ఒకే హెడర్ ఫైల్ వాడండి. అందులో సైజు తెలిసిన టైపులే ఉండాలి: 8, 16, 32 బిట్లవి. ఇంట్, లాంగ్, బూల్, ఈనమ్ వద్దు, కంపైలర్‌ను బట్టి వాటి సైజు మారొచ్చు. పాయింటర్లు అసలే వద్దు, ఒకవైపు పాయింటర్ రెండోవైపుకు అర్థంలేని అంకె. పెద్ద ఫీల్డులు ముందు, చిన్నవి వెనక పెట్టి, మధ్యలో ఖాళీలు రాకుండా చూసుకోండి. స్ట్రక్ట్ సైజు ఇంత అని రెండు బిల్డుల్లోనూ స్టాటిక్ అసర్ట్ పెడితే తేడా వచ్చిన రోజునే బిల్డ్ ఆగిపోతుంది.

నా మెసేజ్ మొదట్లో నాలుగు ఉన్నాయి: ప్రోటోకాల్ వెర్షన్, మెసేజ్ రకం, వరుస సంఖ్య, సరుకు పొడవు. వరుస సంఖ్య ఎందుకు, రింగ్ మధ్యలో ఏదీ పోదు కదా అని మా కుర్రాడు అడిగాడు. రింగ్‌లో పోదు, బఫర్ దొరక్క ఎం4 తనే పడేసినవి పోతాయి. ఎన్ని పోయాయో ఆ అంకె ఎంత దూకిందన్నదాన్ని బట్టి తెలుస్తుంది.

అడుగు 6: డ్రైవర్

ఆర్‌పీమెసేజ్ డ్రైవర్ ఆకారం చాలా చిన్నది. ఐడీ టేబుల్‌లో చానెల్ పేరు, చానెల్ రాగానే పిలిచే ప్రోబ్, మెసేజ్ వచ్చినప్పుడల్లా పిలిచే కాల్‌బ్యాక్, చానెల్ పోయినప్పుడు పిలిచే రిమూవ్. పేరు ఆఖరి సున్నాతో కలిపి 32 బైట్లు దాటకూడదు, ఎం4 ప్రకటించే పేరుతో అక్షరం కూడా తేడా ఉండకూడదు.

ప్రోబ్ దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. మీ డ్రైవర్‌కు కాల్‌బ్యాక్ ఉంటే, కెర్నల్‌లోని ఆర్‌పీమెసేజ్ కోడ్ ముందు ఎండ్‌పాయింట్ (మెసేజ్‌లు అందుకునే చిరునామా) తయారుచేసి, ఆ తర్వాతే మీ ప్రోబ్‌ను పిలుస్తుంది. అంటే మీ ప్రోబ్ పూర్తి కాకముందే కాల్‌బ్యాక్ రావడానికి దారి తెరిచి ఉంటుంది. కాబట్టి ప్రోబ్‌లో మెమరీ తీసుకోవడం, లాక్‌లు, క్యూలు సిద్ధం చేయడం, డ్రైవర్ డేటా సెట్ చేయడం వరసగా అయిపోవాలి. కాల్‌బ్యాక్‌లో కూడా డ్రైవర్ డేటా నల్ అయితే మెసేజ్ వదిలేసి తిరిగి వెళ్లాలి.

ప్రోబ్ ఆఖర్లో ఎం4కు ఒక పలకరింపు పంపాలి. ఇది మర్యాద కోసం కాదు. ఎం4 తన చానెల్ ప్రకటించినప్పుడు ఆ కబురు లినక్స్‌లో 53 అనే నేమ్ సర్వీస్ చిరునామాకు వస్తుంది. దాన్ని చూసి లినక్స్ మీ డ్రైవర్‌కు ఒక కొత్త చిరునామా ఇస్తుంది. మామూలుగా ఇవి 1024 నుంచి మొదలవుతాయి. ఆ చిరునామా ఎం4కు ఎలా తెలుస్తుంది? మీరు ముందు ఏదో ఒకటి పంపితేనే, దాని హెడర్‌లోంచి తెలుస్తుంది. నేను ఇది తెలియక రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఎం4 పంపుతోందనుకుంటూ లినక్స్, లినక్స్ పలకరిస్తుందని చూస్తూ ఎం4, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఇద్దరూ మౌనం. పలకరింపు ప్రోబ్ చివర్లో ఉంటే "నేను సిద్ధం" అన్న సంకేతం కూడా అదే అవుతుంది.

కాల్‌బ్యాక్‌లో మొదటి పని పొడవు చూడటం. వచ్చిన పొడవు మీ హెడర్ కన్నా తక్కువైతే వదిలేయండి. హెడర్‌లో రాసిన సరుకు పొడవు నిజంగా వచ్చినదాంట్లో పడుతుందా అన్నది కూడా చూడండి. ఎం4 ఫర్మ్‌వేర్ రాసింది మీరే అయినా దాన్ని బయటివాళ్లలాగే చూడాలి. అక్కడ ఒక అర్రే దాటిన రాత, ఇక్కడ కెర్నల్ పానిక్ కాకూడదు.

కాల్‌బ్యాక్ నుంచి తిరిగి వచ్చిన వెంటనే ఆ బఫర్ మళ్లీ ఎం4 చేతికి వెళ్లిపోతుంది. కాబట్టి డేటాను కాపీ చేసుకోండి, పాయింటర్ దాచుకోకండి. నిద్రపోయే (ఆగి ఎదురుచూసే) పనులేవీ వద్దు. ఈ చిప్ డ్రైవర్ బెల్ మోగగానే వర్క్‌క్యూకు అప్పజెబుతుంది కాబట్టి ఇక్కడ నిద్రపోయినా ఏమీ కాకపోవచ్చు, ఇంకో చిప్‌లో అదే కాల్‌బ్యాక్ ఇంటరప్ట్‌లోనే రావొచ్చు. కేఫిఫోలో (కెర్నల్ ఇచ్చే క్యూలో) వేసి, మిగతా పనికి వర్క్ షెడ్యూల్ చేసి బయటికి వచ్చేయడం నా అలవాటు. మెసేజ్‌కో ప్రింట్ పెట్టే సరదా కూడా మానుకోండి. సీరియల్ కన్సోల్ 115200 బాడ్ దగ్గర 60 అక్షరాల లైనుకు 5 మిల్లీసెకన్లు పడుతుంది. డీబగ్ కోసం పెట్టిన ప్రింటే బఫర్‌లు నిండడానికి కారణమవుతుంది.

పంపేటప్పుడు రెండు దారులు. ఆర్‌పీమెసేజ్ సెండ్ బఫర్ ఖాళీ లేకపోతే 15 సెకన్ల దాకా ఆగుతుంది. ట్రైసెండ్ ఆగదు, ఖాళీ లేదని వెంటనే చెప్పేస్తుంది. ఎక్కువసేపు ఆగకూడని చోట ట్రైసెండే వాడాలి, అయితే అదీ లోపల మ్యూటెక్స్ పట్టుకుంటుంది కాబట్టి ఇంటరప్ట్‌లోనూ, స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడూ రెండూ వద్దు. 496 బైట్లు దాటితే రెండూ ఒప్పుకోవు, ముక్కలు చేసే పని మీదే.

యూజర్ ప్రోగ్రాంలకు ఎలా చూపించాలి? సొంత క్యారెక్టర్ డివైస్, సొంత ఐఓకంట్రోల్ అంకెలు రాయాలని చేతులు లాగుతాయి. సెకనుకో సారాంశం అయితే హెచ్‌డబ్ల్యూమాన్‌లో రిజిస్టర్ చేయండి. కరెంటు మిల్లీయాంపియర్లలో, టెంపరేచర్ మిల్లీడిగ్రీల్లో అన్న నియమం అప్పటికే ఉంది, సెన్సార్స్ కమాండ్ దానంతటదే చదువుతుంది. పెద్ద స్టార్ట్ రికార్డు కోసం మాత్రం నేను చిన్న మిసలేనియస్ డివైస్ ఒకటి పెట్టాను.

ఆ డివైస్‌తోనే రిమూవ్ దగ్గర చిక్కు. ఎం4 ఆగినా, క్రాష్ అయినా మీ రిమూవ్ వస్తుంది. అప్పటికి ఎవరో ఫైల్ తెరిచి కూర్చుని ఉండొచ్చు. కాబట్టి డ్రైవర్ స్ట్రక్ట్‌ను రిఫరెన్స్ కౌంట్‌తో నడపండి. రిమూవ్‌లో "పోయింది" అన్న జెండా ఎత్తండి, ఎదురుచూస్తున్న రీడర్లను లేపండి, వర్క్‌ను క్యాన్సిల్ సింక్‌తో ఆపండి, డివైస్‌ను డీరిజిస్టర్ చేయండి. మెమరీని ఆఖరి ఫైల్ మూసినవాళ్లు విడుదల చేస్తారు. డివైస్ పోగానే దానంతటదే విడుదలయ్యే డెవ్ఎం రకం కేటాయింపు ఇక్కడ పనికిరాదు, ఫైల్ తెరిచి ఉండగానే అది మెమరీ లాగేసుకుంటుంది.

అడుగు 7: ఎం4 పడిపోతే

ఎం4 ఒక లూప్‌లో ఇరుక్కుపోతే లినక్స్‌కు దానంతటదే తెలియదు. ఎం4 వైపు విండో వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే పసిగట్టే టైమర్) ఆన్ చేసి, దాని ఇంటరప్ట్‌ను డివైస్ ట్రీలో ఎం4 నోడ్‌కు ఇవ్వండి. వాచ్‌డాగ్ మోగితే ఎస్‌టీఎం32 డ్రైవర్ ఆర్‌ప్రాక్ రిపోర్ట్ క్రాష్‌ను పిలుస్తుంది. సిస్ఎఫ్ఎస్‌లో "రికవరీ" ఫైల్ ఎనేబుల్డ్ అని ఉంటే కెర్నలే కోర్‌ను ఆపి మళ్లీ లేపుతుంది. మీ డ్రైవర్‌కు రిమూవ్, ఆ వెంటే ప్రోబ్ వస్తాయి. "కోర్‌డంప్" ఫైల్‌లో కూడా ఎనేబుల్డ్ రాస్తే పడిపోయిన క్షణంలోని మెమరీ డెవ్‌కోర్‌డంప్‌లో దొరుకుతుంది. అది 5 నిమిషాలే ఉంటుంది, యూడెవ్ రూల్ పెట్టి వెంటనే కాపీ చేసుకోవాలి.

డెవలప్‌మెంట్ రోజుల్లో మాత్రం రికవరీ డిసేబుల్ చేసుకోండి. లేకపోతే కోర్ పడటం, లేవడం మీకు కనబడకుండానే జరిగిపోయి, డేటాలో అప్పుడప్పుడూ రెండు సెకన్ల గుంట మాత్రమే మిగులుతుంది.

ఇంకో జాగ్రత్త. కోర్ ఆగినంత మాత్రాన అది పట్టుకున్న పిన్నులు ఆఫ్ అవుతాయని నమ్మకండి. రిలే ఆన్‌లో ఉండగా ఎం4 పడిపోతే రిలే ఆన్‌లోనే ఉండిపోవచ్చు. మా డబ్బా కొలుస్తుంది తప్ప దేన్నీ తిప్పదు కాబట్టి సరిపోయింది. మీది మోటారు తిప్పేదైతే, ఆ రిలేను ఆపే దారి సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా ప్యానెల్ బోర్డులోనే ఉండాలి.

చిప్‌కు రిమోట్‌ప్రాక్ డ్రైవరే లేకపోతే

ప్లాట్‌ఫారం డ్రైవర్ కూడా మీరే రాయాలి. భయపడేంత కాదు. ఆర్‌ప్రాక్ ఆప్స్‌లో స్టార్ట్ అంటే రీసెట్ వదలడం, స్టాప్ అంటే రీసెట్ పట్టుకోవడం, కిక్ అంటే మెయిల్‌బాక్స్ బెల్ కొట్టడం. ప్రిపేర్‌లో మెమరీ ప్రాంతాలను కార్వవుట్‌లుగా చేర్చాలి. ఈఎల్ఎఫ్ చదవడానికి కెర్నల్‌లో ఉన్న ఫంక్షన్లే సరిపోతాయి. అవతలి నుంచి బెల్ వచ్చినప్పుడు ఆర్‌ప్రాక్ వీక్యూ ఇంటరప్ట్‌ను పిలవాలి, హార్డ్ ఇంటరప్ట్‌లో కాకుండా వర్క్‌లో. బూట్‌లోడరే కోర్‌ను ముందే లేపితే అటాచ్ కూడా రాయాలి, అప్పుడు కెర్నల్ ఫర్మ్‌వేర్ ఎక్కించకుండా నడుస్తున్నదానికే జతవుతుంది. ఆటో బూట్ జెండా మామూలుగా ఆన్‌లో ఉంటుంది, మీరే చేత్తో లేపాలనుకుంటే దాన్ని ఆపండి.

చిప్ తయారీదారులు ఇచ్చే పాత 5.x కెర్నల్ నుంచి డ్రైవర్ తెచ్చుకుంటే ఒక మార్పు తప్పదు. ప్లాట్‌ఫారం డ్రైవర్ రిమూవ్ ఒకప్పుడు ఇంట్ తిరిగి ఇచ్చేది, 6.11 నుంచి వాయిడ్. ఆర్‌పీమెసేజ్ డ్రైవర్ రిమూవ్‌కు ఈ బాధ లేదు.

చివరి పరీక్ష

సైట్‌కు పట్టుకెళ్లే ముందు రాత్రి ఒక షెల్ లూప్ పెట్టి పడుకోండి. స్టార్ట్, మూడు సెకన్లు, స్టాప్, ఒక సెకను, మళ్లీ మొదటికి. పక్కనే ఇంకో ప్రోగ్రాం డివైస్ ఫైల్ తెరిచి రీడ్‌లో కూర్చుని ఉండాలి. కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే కేసాన్, లాక్ తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి ఉండాలి. నా మొదటి డ్రైవర్ అందులో తొమ్మిదో చుట్టుకే పడిపోయింది. రిమూవ్‌లో డివైస్ డీరిజిస్టర్ చేశాను గానీ, అప్పటికే రీడ్‌లో ఉన్నవాణ్ని లేపడం మర్చిపోయాను. అది సరిదిద్ది మళ్లీ లూప్ పెట్టాను. తెల్లారి ఐదింటికి లేచి చూస్తే స్క్రీన్ మీద చుట్టుల లెక్క ఇంకా పెరుగుతూనే ఉంది. బోర్డును డబ్బాలో బిగించి, ఏడు గంటల బస్సుకు గుంటూరు బయల్దేరాను.